గోడ వదలకండి

సంస్థ, నా గది
శనివారం సాయంత్రం, సందర్శకులు వెళ్ళిపోయాక

అమ్మాయ్ సూదీ,

ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి "మిషను మీద గుడ్డ ఉంది వదినా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్నయితే మధ్యలో పెట్టేయలేవు కదా.

ముందు గలీబుల సంగతి. నువ్వు పంపిన దిండు గలీబులు అందాయి. గుడ్డ బాగుంది, రంగు బాగుంది, కుట్టు మాత్రం వాగులా మెలికలు తిరిగింది. "మా చెల్లెలు వేసిన కుట్టు మీద రైలు నడపొచ్చు" అని మీ అన్నయ్య ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. ఈ గలీబులు చూసి ఉంటే ఏమనేవాడో. ఒంట్లో బాగాలేదా, మనసు బాగాలేదా? దాచకుండా రాయి.

ఇక్కడి కబురేమిటంటే, చీకటి గదికి మళ్ళీ నల్లరంగు వేయించాం. నీకు తెలిసిందే అయినా మళ్ళీ చెబుతాను, చెప్పుకోవడం నాకు ఇష్టం. ఈ సంస్థ నిండా కంటి మీద పరిశోధన చేసేవాళ్ళే. వాళ్ళు రాసేది మామూలు మనుషుల చెవికెక్కేలా చెప్పడానికి మాత్రం నేనొక్కదాన్ని. కరపత్రాలు, పోస్టర్లు, బడిపిల్లల సందర్శనలు, పత్రికలవాళ్ళ ప్రశ్నలు, అన్నీ నా నెత్తిమీదే. ఇంత చేసినా జనం గుర్తుపెట్టుకునేది చీకటి గదినే. చూపున్నవాళ్ళు అందులో గోడ పట్టుకుని ఆ తలుపు నుంచి ఈ తలుపుకి నడవాలి, దారి చెప్పేది మీ అన్నయ్య గొంతు. అప్పట్లో గొంతు ఇచ్చేవాళ్ళెవరూ దొరకలేదు. రైల్వే స్టేషన్లో జన్మంతా బండ్ల రాకపోకలు చెప్పిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మరుసటి ఏడాదే పోతాడని ఎవరికి తెలుసు.

శనివారం జనం వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళి మీట నొక్కుతాను. "దయచేసి వినండి. మీ ఎడమ చేతికి గోడ తగులుతుంది. గోడ వదలకండి. నేనున్నాను" అంటాడు. కొంచెం దూరం పోయాక, "వెనక ఎవరో ఉండిపోయినట్టున్నారు, వాళ్ళు వచ్చేదాకా ఆగుదాం" అంటాడు. గుంపులుగా వచ్చే పిల్లల కోసం నేను రాసిచ్చిన మాటే అది. ఒంటరిగా వింటే మాత్రం వీపు జలదరిస్తుంది. నా వెనక ఎవరుంటారు? అయినా ఆగుతాను. ఎవరో వచ్చి చేరినంతసేపూ నిలబడి, అప్పుడు కదులుతాను.

మలుపు దగ్గర జబ్బుల గురించి చెబుతాడు కదా, గుర్తుందా? "పెద్ద వయసులో మధ్యచూపు పోయే జబ్బు ఒకటుంది. దానికి ఇంతవరకూ మందు లేదు. ఉన్న చూపుతో సర్దుకోవడమే." ఆ తర్వాత కాసేపు ఏమీ వినిపించదు. చిన్న దగ్గు దగ్గి, "సరే. పదండి" అంటాడు. ఆ దగ్గు తీసేస్తానని సౌండు చూసే అతను ఆ రోజే అన్నాడు. ఉండనివ్వు బాబూ అన్నాను. ఇప్పుడు ఆ దగ్గు కోసమే మలుపు దాకా నడుస్తున్నానేమో అనిపిస్తుంది.

పోయిన చలికాలం నువ్వు వచ్చినప్పుడు అదంతా విని, బయటికొచ్చి, టీ కూడా తాగకుండా బస్సెక్కావు. ఏడ్చావని తెలుసు, అందుకే అడగలేదు.

రికార్డింగు పాతబడింది, మార్చాలి అని డైరెక్టరు గారు మళ్ళీ అన్నారు. చూద్దాం సార్ అన్నాను. నా "చూద్దాం" ఎంత పొడుగో ఆయనకింకా తెలియదు.

నీ వదిన


కుట్టు గది, కిటికీ దగ్గర

కరపత్రాల వదినకు,

ఆడలేక మద్దెల ఓడు అంటావని తెలిసే చెబుతున్నాను, తప్పు మిషనుదే. దానికి నా అంత వయసుంది, నా అంత ఓపిక లేదు. పైగా ఈ గదిలో వెలుతురు తగ్గింది. ఎదురుగా ఎవరో మేడ లేపారు. ఆ గలీబులు విప్పి పంపు, మళ్ళీ కుడతాను. లేదా వాటి మీదే పడుకో, నిద్రపోయేటప్పుడు కుట్టు ఎవరు చూస్తారు.

రైలు సంగతి ఊరంతా చెప్పాడా అన్నయ్య? నా మొహాన ఒక్క పొగడ్త పారేసిన పాపాన పోలేదు. "సూదీ, నీ కుట్టుకన్నా నీ నోరే సూటి" అనేవాడు. వాడు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. చిన్నప్పటి నుంచీ వాడు మాట్లాడుతుంటే నేను మధ్యలో దూరేదాన్ని, నేను మాట్లాడుతుంటే వాడు. ఎన్నిసార్లు నేను గెలిచినా "సరే" అన్న మాట వాడి నోట రాలేదు. చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. అలా పోతే ఓడిపోయినట్టని నేనే అనుకోవాలి.

నీకొకటి చెప్పాలి, నవ్వకు. ఈ ఇంట్లో ఏదో ఉంది.

సాయంత్రమయ్యేసరికి తలుపు చట్రం లోపలికి వంగుతోంది. వడ్రంగిని పిలిచాను. దారానికి రాయి కట్టి వేలాడదీసి, "నిటారుగానే ఉందమ్మా" అన్నాడు. అతను మెట్లు దిగేలోగా మళ్ళీ వంగింది. ఎవరో అటు పక్కనుంచి భుజం ఆనించి నిలబడ్డట్టుగా. నేను లేచి వెళ్ళి చేత్తో తడిమితే తిన్నగా ఉంటుంది, వచ్చి కూర్చుంటే వంగుతుంది.

ఇంకొకటి కూడా. గోడ మీద అన్నయ్య ఫొటో ఉంది కదా, సూటిగా చూస్తే అందులో వాడు ఉండడం లేదు. చొక్కా ఉంటుంది, కాలరు ఉంటుంది, దాని పైన పొగలాంటిది. నేను కిటికీ వైపు తల తిప్పగానే ఓరగా కనిపిస్తాడు, మీసంతో సహా. బతికున్నప్పుడూ అలిగితే ఇంతే కదా. రమ్మంటే రాడు, మనం చూడనప్పుడు వచ్చి కూర్చుంటాడు. ఎందుకు అలిగాడో మాత్రం తెలియడం లేదు.

ఒకటి అడుగుతాను, కాదనకు. ఆ గొంతులో ఒక్క మాట కూడా మార్చనివ్వకు. ఆ రోజు చీకట్లో వాడు నాతోనే మాట్లాడినట్టుంది. నేను ఎవరినో అడగాలని వచ్చిన దానికి వాడే జవాబు చెప్పాడు. ఏమడగాలని వచ్చావు అని మాత్రం అడగొద్దు.

సూది


సంస్థ, నా గది
మధ్యాహ్నం

అమ్మాయ్ సూదీ,

నీ ఉత్తరం చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నీ ఇంట్లో ఉన్నది దయ్యం కాదే పిచ్చిదానా, దిగులు. నాకూ అంతే. వంటింట్లో ఉంటే హాల్లో పేపరు మడిచిన చప్పుడవుతుంది, వెళ్ళి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంటుంది. పోయినవాళ్ళు సూటిగా చూస్తే దొరకరు. నువ్వు రాసిన మాట నాకు పదే పదే గుర్తొస్తోంది.

నువ్వడిగింది నిలబెట్టాను. ఎలాగో చెబుతాను విను. డైరెక్టరు గారు ఈసారి రెటీనా డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ మంచి మనిషే, కానీ ముక్కుసూటి. మీ అన్నయ్య చెప్పేవాటిలో ఒక వాక్యం ఇప్పుడు నిజం కాదట. అది తీసేయాలి, లేకపోతే గది మూసేయాలి. "ఒక్క వాక్యమే కదా మేడమ్, క్షణంలో కోసేస్తా" అన్నాడు సౌండతను. ఆ "కోసేస్తా" వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనది నా దగ్గర మిగిలిందే అంత, అందులోంచీ ముక్క కోస్తారా?

అందరికీ సర్దిచెప్పి మధ్యేమార్గం కనిపెట్టాను. గొంతు అలాగే ఉంటుంది. బయటికొచ్చే తలుపు దగ్గర కరపత్రం పెడతాం. గొంతు పాతమాట చెబుతుంది, కాగితం కొత్తమాట చెబుతుంది. డాక్టరమ్మ పెదవి విరిచింది గానీ, డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. నా తెలివికి నా వీపు నేనే తట్టుకున్నాను.

కరపత్రం ఒకటి ఇందులో పెడుతున్నాను. ఏ వాక్యమో అందులోనే ఉంది, ఇక్కడ మళ్ళీ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అక్షరాలు కాస్త చిన్నవి, అంతా ఒకే పేజీలో ఇరికించాల్సి వచ్చింది. చదివి బాగుందని రాయి. మన ఇంట్లో ఎవరూ పొగిడే అలవాటున్నవాళ్ళు కారు, నువ్వైనా మొదలుపెట్టు.

నీ వదిన


కుట్టు గది, తలుపు వేసి

వదినా,

అక్షరాలు పెద్దవైపోయాయని, వరస జారిపోయిందని నవ్వకు. కలం మొద్దుబారింది.

నీ కరపత్రం అందింది. చీమలు బారు కట్టినట్టు ముచ్చటగా ఉంది. అన్నయ్య ఫొటో కింద పెట్టాను. ఆయనగారు తీరిగ్గా చదివి తప్పులు పడతాడులే. నాకు కాగితమెందుకు, వాడి గొంతు ఉందిగా. ఏం చెప్పాడో విన్నాను. వాడు చెప్పినట్టే సర్దుకుంటున్నాను.

కొట్టుకు కొన్నాళ్ళు తాళం వేశాను. విసుగొచ్చింది. నిన్న గుమ్మంలో ఒక మనిషి వచ్చి నిలబడింది. చెప్పులున్నాయి, చేతిలో సంచి ఉంది, తల లేదు. తల ఉండాల్సిన చోటు నుంచి "మా వాడి చొక్కా అయిందా అండీ" అంది. పక్క వీధి టీచరమ్మ గొంతు. భయపడితే బాగుండదని, అవలేదమ్మా, కూర్చో అన్నాను. కూర్చుంది. తల లేని మనిషితో కబుర్లు చెప్పడం ఎలా ఉంటుందో నీకు తెలియదు వదినా. ఆవిడ నవ్విందో లేదో కూడా నాకు తెలియలేదు.

అద్దం మీద తువ్వాలు కప్పేశాను. అందులోనూ ఎవరూ ఉండడం లేదు.

నువ్వు కంగారుపడకు. శనివారాలు వెళ్ళినప్పుడు "వెనక ఎవరో ఉండిపోయారు" అని వాడు అంటే, ఆగు. ఆ ఉండిపోయింది నేనే అనుకో.

సూది


సంస్థ
ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను

సూదీ,

పోస్టర్లు రాసే లావు కలంతో, ఒక్కో కాగితానికి నాలుగు వరసల చొప్పున రాస్తున్నాను. సూటిగా చూడకు. తల పక్కకు తిప్పి, ఓరగా చూసి చదువు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. దిగులే అనుకుని సంచిలో పెట్టుకున్నాను. ఇవాళ డాక్టరమ్మ నా గదికి వచ్చింది. వచ్చే నెల పెట్టే పోస్టరు కోసం, మధ్యచూపు పోయే జబ్బు మొదట్లో ఎలా ఉంటుందో ఇళ్ళలో మాట్లాడుకునే మాటల్లో ఒక్క వాక్యం కావాలంది. నేను ఆలోచించను కూడా లేదు. నోటికి వచ్చేసింది: "తలుపు చట్రం వంగినట్టుంటుంది, చేత్తో తడిమితే తిన్నగా ఉంటుంది. ఫొటోలో చొక్కా ఉంటుంది, మనిషి ఉండడు."

ఆవిడ రాసుకుంటూ, "భలే చెప్పారే, సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఏ పేషెంటు చెప్పారండీ?" అంది.

"పేషెంటు కాదండీ, మా ఆడపడుచు" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "ఆవిడ ఎవరికి చూపిస్తున్నారు?" అంది.

సంచిలోంచి నీ ఉత్తరం తీసి చదివి వినిపించాను. తల లేని టీచరమ్మ దగ్గరికొచ్చేసరికి, "ఇక చదవకండి, ముందు ఆవిణ్ణి తీసుకురండి" అంది.

దీపం కింద చీకటి అంటే ఇదే. ఊరందరి కళ్ళ గురించీ రాస్తాను, నా ఇంటి మనిషి నాకే ఉత్తరం రాసి చెబితే దిగులని కొట్టిపారేశాను.

ఇప్పుడు పెద్ద అక్షరాలతో రాస్తున్నాను చూడు. మందు ఉంది. కంట్లో ఇంజెక్షన్ ఇస్తారు. మీ అన్నయ్య చెప్పిన దాంట్లో నిజం కానిది ఆ ఒక్క వాక్యమే. ఆయన చెప్పేనాటికి లేదు, ఆయన పోయాక వచ్చింది. త్వరగా వేస్తే ఉన్న చూపు నిలబడుతుంది. పోయింది మాత్రం వెనక్కి రాదు.

ఫోను ఎత్తడం లేదు నువ్వు. రేపు పొద్దున బస్సుకు నేనే వస్తున్నాను. తలుపు గడియ తీసి ఉంచు. నాకు తల లేకపోయినా గుర్తుపట్టు.

ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. పోయిన చలికాలం వచ్చినప్పటికే ఇది ఉందా?

వదిన


కుట్టు గది

వదినా,

నువ్వు కొనిచ్చిన లావు కలంతోనే రాస్తున్నాను. గుడ్డలు కత్తిరించే ముందు గీసుకునే పెద్ద కాగితాలున్నాయి కదా, వాటి వెనక. ఒక కాగితానికి పది మాటలు పడుతున్నాయి. పోస్టాఫీసు వాళ్ళు ఇదేదో పరుపు పంపుతోందనుకుంటారు.

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అడిగినప్పుడల్లా మంచినీళ్ళు కావాలని లేచిపోయాను. ఉత్తరంలో అయితే నీ ముఖం చూడక్కర్లేదు. ఎలాగూ సగమే కనిపిస్తుందనుకో.

అవును, అప్పటికే ఉంది. కుడి కంట్లో మొదలైంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎడమ కన్ను మూస్తే సూది మాయమయ్యేది. నేను మీ ఊరు వచ్చింది నిన్ను చూడ్డానికి కాదు, కన్ను చూపించుకోవడానికి. సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని వచ్చాను. గేటు దగ్గరే నువ్వు ఎదురై, "ముందు మీ అన్నయ్యను విందువు రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళావు. చీకట్లో గోడ పట్టుకుని నడుస్తుంటే, నేను డాక్టరును ఏమడగాలని వచ్చానో దానికి వాడు జవాబు చెప్పేశాడు. మందు లేదు, సర్దుకోవడమే అన్నాడు.

వదినా, వేరే ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు, ఇంకో డాక్టరును అడిగేదాన్ని. కానీ అన్నయ్య చెప్పాడు. చచ్చిపోయినవాడు పనిగట్టుకుని వచ్చి, ఊరికే తిరగకు సూదీ అని చెప్పినట్టు అనిపించింది. అందుకే టీ తాగలేదు. తాగుతూ కూర్చుంటే నీకు చెప్పేసేదాన్ని.

కుడి కంటి మధ్య చూపు ఇక రాదని డాక్టరమ్మ నాతో చెప్పింది, నీకు చెప్పొద్దని నేనే అన్నాను. ఎడమది నిలబడింది. తలుపు చట్రం తిన్నగా నిలుచుంది, వడ్రంగి దగ్గర నా పరువు దక్కింది. ఫొటోలో అన్నయ్య తిరిగొచ్చాడు, కాస్త మసగ్గా. ఇంజెక్షన్ అంటే మొదట ప్రాణం పోయిందనుకున్నాను. మూడోసారికి, "డాక్టరమ్మా, మీ సూది కన్నా నా నోరు వాడి" అన్నాను. నవ్వింది. నవ్విందని నాకు కనిపించింది.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. అడిగావు కాబట్టి చెప్పాను.

సూది


ఇల్లు, ఆదివారం

సూదీ,

నీ కాగితాలన్నీ నేల మీద పరిచి, వాటి మధ్య కూర్చుని చదివాను.

గది మూసేశాను. డైరెక్టరు గారు చెప్పకముందే నేనే తాళం వేసి, రికార్డింగు తీసుకొచ్చి బీరువాలో బట్టల కింద పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఆ రికార్డింగు మార్చమని వాళ్ళు అడిగి ఎన్నాళ్ళయింది. నువ్వు రాకముందే అడిగారు. ఆ రోజే మార్చి ఉంటే నీ కుడి కన్ను నీకుండేది. చూద్దాం, చూద్దాం అంటూ నీ చూపు తినేశాను. పైగా మధ్యచూపు లేనివాళ్ళకు సరిదిద్దుతానని చీమల అక్షరాల కాగితం అచ్చు వేయించాను. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషిని. ఆ కరపత్రాల కట్టలు నా గదిలో మూలన ఉన్నాయి, వాటివైపు చూడలేకపోతున్నాను.

నీలాగా ఇంకెంతమంది విని, తల ఊపి, ఇంటికి వెళ్ళిపోయారో. వాళ్ళు నాకు ఉత్తరాలు రాయరు. ఈ మధ్య రోడ్డు మీద పెద్దవాళ్ళెవరైనా తల పక్కకు తిప్పి నావైపు చూస్తే నేను తల దించుకుని పక్క సందులోకి తిరిగిపోతున్నాను.

నిన్న శనివారం సాయంత్రం అలవాటు కొద్దీ ఆ తలుపు దగ్గరికి వెళ్ళాను. తాళం ఉంది, లోపల ఏమీ లేదు. అయినా చెవి ఆనించి నిలబడ్డాను. దగ్గు వినిపించింది. నిజంగా వినిపించింది సూదీ. ఆయన నన్ను తిడుతున్నాడో, పిలుస్తున్నాడో తెలియలేదు.

కొత్త గొంతును వెతకమంటున్నారు. నాకు చేతకాదని, ఈ పనే మానేస్తానని చెప్పాలనుకుంటున్నాను.

వదిన


కుట్టు గది, పొద్దున్నే

వదినా,

పని మానేస్తే నేను మీ ఇంటికి వచ్చి కూర్చుంటాను, వంట నువ్వే చేయాలి, ఆలోచించుకో.

తప్పు చేశావు. నేనూ చేశాను. ఇంకొక డాక్టరును అడగడానికి నాకు నోరు లేదా? ఈ నోటికి ఊరంతా భయపడుతుంది. కుడి కన్ను పోయినందుకు కోపం వస్తుంది. రాదని చెబితే అబద్ధం. రాత్రిళ్ళు వస్తుంది, నీ మీద వస్తుంది, వాడి మీద వస్తుంది. పొద్దున్నే మిషను తొక్కుతుంటే తగ్గుతుంది. ఇంతకన్నా నాకు చెప్పడం రాదు.

కానీ వాణ్ణి బట్టల కింద పెట్టడం నాకు నచ్చలేదు. వాడేం చేశాడు? తనకు తెలిసిన నిజం చెప్పాడు. ఆ నిజానికి కాలం చెల్లిందని వాడికి చెప్పేవాళ్ళు లేకపోయారు. బతికుంటే నేను చెప్పేదాన్ని, మధ్యలో దూరి మరీ చెప్పేదాన్ని.

ఇప్పుడూ అదే చేస్తాను. వాడి మాట ఒక్కటీ కోయొద్దు. ఆ మలుపు దగ్గర, వాడు ఆగి ఊరుకునే చోటు ఉంది కదా, అక్కడ నాకు చోటివ్వు. వచ్చే ఇంజెక్షన్‌కు ఎలాగూ వస్తున్నాను. ఈసారి టీ తాగుతాను.

సూది


సంస్థ, నా గది
శనివారం సాయంత్రం

అమ్మాయ్ సూదీ,

నువ్వు బస్సెక్కి వెళ్ళాక జరిగింది రాస్తున్నాను. అక్షరాలు సరిపోయాయా? కరపత్రం కూడా ఇంత సైజులో మళ్ళీ వేయించాను, పేజీలు ఎక్కువైతే కానివ్వండి అన్నాను. పాత కట్టలు తూకానికి వేసేశాను.

ఇవాళ గది తెరిచాం. మొదటి గుంపులో పెద్దవాళ్ళే ఎక్కువ. డాక్టరమ్మ కూడా వాళ్ళతో పాటు లోపలికి వెళ్ళింది. బయటికొచ్చాక ఒక పెద్దాయన తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఆ చెల్లెలుగారు చెప్పిన మందు నాకు పనికొస్తుందా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పోతూ పోతూ నావైపు చూసి తల ఊపింది. ఆవిడ దగ్గర అంతకన్నా పొగడ్త ఉండదు.

అందరూ వెళ్ళాక నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎంత భయపడ్డానో చెప్పలేను. నెలల తర్వాత ఆ గొంతు. మీట నొక్కాను. దయచేసి వినండి అన్నాడు. గోడ వదలకండి, నేనున్నాను అన్నాడు. వెనక ఎవరో ఉండిపోయినట్టున్నారు అన్నాడు. ఆగాను. ఈసారి ఎవరి కోసం ఆగుతున్నానో తెలుసు కాబట్టి వీపు జలదరించలేదు.

మలుపు దగ్గర ఆయన మామూలుగానే చెప్పుకుపోయాడు. దానికి ఇంతవరకూ మందు లేదు, ఉన్న చూపుతో సర్దుకోవడమే, అన్నాడు. ఆయన ఆగీ ఆగకముందే, నా చెవి పక్కనే నువ్వు దూరావు.

"అన్నయ్యా, ఆగు. అది పాతమాట. ఈయన మా అన్నయ్యండీ, ఇది చెప్పినప్పుడు నిజమే చెప్పాడు. ఇప్పుడు మందుంది. నేను ఈ మాట నమ్మి ఇంటికి వెళ్ళిపోయాను, ఒక కంటి చూపు పోయింది. రెండోది ఆ మందుతోనే నిలబడింది. తిన్నని గీత వంకరగా కనిపిస్తే ఆగకండి, ఆ రోజే వచ్చి చూపించుకోండి. విన్నావా అన్నయ్యా?"

ఆ చివరి మాట నేను రాసిచ్చిన కాగితంలో లేదు. ఆ రోజు నువ్వు అన్నప్పుడు సౌండతను తీసేయనా అని నావైపు చూశాడు, నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను, ఉండిపోయింది.

చీకట్లో కాసేపు ఏమీ వినిపించలేదు. నేను గోడ మీద చెయ్యి బిగించి నిలబడ్డాను. చిన్న దగ్గు వినిపించింది. తర్వాత ఆయన, "సరే" అన్నాడు. "పదండి."

నడిచాను.

నీ వదిన